వ్యాయామం ఆపితే శరీరంలో ఏం జరుగుతుంది: బరువులెత్తేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

జనవరి మూడో వారంలో మా జిమ్ ఒక్కసారిగా నిండుతుంది. దీక్ష ముగించుకుని శబరిమల నుంచి వచ్చినవారు, సంక్రాంతికి సొంతూరు వెళ్లి వచ్చినవారు, కార్తీక మార్గశిర మాసాల పెళ్లిళ్ల హడావుడిలో నెలన్నర కనిపించనివారు ఒకరి తరువాత ఒకరు అద్దం ముందు నిలబడి, చేతులు తడుముకుంటూ, దాదాపు అవే సందేహాలు అడుగుతారు. శిక్షకుడిగా పన్నెండేళ్లుగా విడివిడిగా చెబుతూ వచ్చిన ఆ సమాధానాలను ఇక్కడ దశలవారీగా రాసి పెట్టాను. మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. విరామంలో పోయేది చాలామంది భయపడేంత ఉండదని, తిరిగి వచ్చిన మొదటి వారంలో చేసే తొందరపాటు వల్లే అసలు నష్టం జరుగుతుందని నా అనుభవం.

## తొలి రెండు వారాలు

వారం రోజులు జిమ్‌కు వెళ్లలేదు. చేతులు, ఛాతీ అప్పుడే చప్పబడినట్టు కనిపిస్తున్నాయి. కండ కరిగిపోయిందా?

కరగలేదు. మీ కండరాలు తమ పనికి కావలసిన ఇంధనాన్ని గ్లైకోజెన్ అనే పిండిపదార్థం రూపంలో నిల్వ చేసుకుంటాయి. పెద్దవారి కండరాలన్నిటిలో కలిపి ఇది సుమారు 300 నుంచి 500 గ్రాముల దాకా ఉంటుంది, ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు 3 గ్రాముల నీరు కూడా కండలో నిలుస్తుంది. బరువులెత్తడం ఆగగానే అంత నిల్వ అవసరం లేదని శరీరం గుర్తించి దాన్ని కొంత తగ్గించుకుంటుంది, దానితో పాటే నీరూ పోతుంది. వ్యాయామం చేసిన ప్రతిసారీ కండలో వచ్చే స్వల్పమైన వాపు కూడా నాలుగైదు రోజుల్లో దిగిపోతుంది. చొక్కా చేతులు వదులైనట్టు అనిపించడానికి ఈ రెండే కారణాలు. కండలోని ప్రొటీన్ నిర్మాణం వారంలో చెప్పుకోదగినంత తరిగిపోదు. తిరిగి రెండు మూడు సార్లు వ్యాయామం చేసి, కడుపు నిండా అన్నం తింటే ఆ నిండుదనం వారం పది రోజుల్లో తిరిగి వస్తుంది.

పది రోజుల్లో తూకంలో కిలోన్నర తగ్గాను. ఇది మంచిదా, చెడ్డదా?

రెండూ కాదు. ఇంత తక్కువ సమయంలో వచ్చిన తేడాలో ఎక్కువ భాగం నీరే. నాలుగు వారాల పాటు వారానికోసారి, ఉదయం పరగడుపున, ఒకే తూకం మీద చూసుకున్న అంకెలను పక్కపక్కన పెట్టినప్పుడే ఏమైనా చెప్పగలం.

పది రోజుల తరువాత వెళ్తే బెంచ్ ప్రెస్ (బల్ల మీద వెల్లకిలా పడుకుని బార్‌ను పైకి నెట్టడం) మునుపటిలాగే వచ్చింది కానీ, మూడో అంతస్తుకు మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. ఎందుకిలా?

బలం, దమ్ము ఒకే వేగంతో తగ్గవు. క్రమం తప్పకుండా శ్రమించే శరీరంలో రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పెరిగి ఉంటుంది. శ్రమ ఆగిన కొద్ది రోజుల్లోనే అది తగ్గడం మొదలవుతుంది కాబట్టి గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం తగ్గి, అదే పనికి ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తుంది. కండర కణాల్లో ఆక్సిజన్‌ను వాడుకుని శక్తిని తయారుచేసే ఎంజైములు కూడా కొన్ని వారాల్లోనే మందగిస్తాయి. ఒక్కసారి గట్టిగా నెట్టే బలం నరాలు కండరాలకు ఇచ్చే ఆదేశం మీద, కండ మందం మీద ఆధారపడుతుంది, ఆ రెండూ ఇంత త్వరగా చెదరవు. బరువును ఒక్కసారి ఎత్తి దించడం ఒక రెప్, ఆగకుండా వరుసగా చేసే రెప్స్ ఒక సెట్. అందుకే తిరిగి వచ్చిన మొదటి రోజు అయిదు రెప్స్ సెట్ సులువుగా, పదిహేను రెప్స్ సెట్ నరకంగా ఉంటుంది. సెట్ల మధ్య విశ్రాంతిని ఒక నిమిషం పెంచితే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది.

అప్పుడప్పుడు కావాలనే ఒక వారం ఆపితే మంచిదంటారు. నిజమేనా?

ఎడతెగకుండా మూడు నాలుగు నెలలు బరువులు పెంచుకుంటూ వచ్చినవారికి నిజమే. మోకాలి కింద, మోచేతి దగ్గర, భుజం ముందు భాగంలో సన్నగా మొదలై తగ్గని నొప్పులు, నిద్ర పట్టకపోవడం, రెండు మూడు వారాలుగా ఒక్క కిలో కూడా పెరగకపోవడం కనిపిస్తే వారం రోజులు ఆపమని నేనే చెబుతాను. జపాన్‌లో 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో ఒక బృందం 24 వారాలు ఆగకుండా, మరో బృందం ఆరు వారాల సాధనకు మూడు వారాల విరామం చొప్పున బెంచ్ ప్రెస్ చేశాయి. చివరికి రెండు బృందాల బలం, కండ పెరుగుదల దాదాపు సమానంగానే ఉన్నాయి. ఇది విన్నవారు వారం ఆగాలనుకుని నెల ఆగిపోవడం కూడా చూశాను కాబట్టి, ఆపే రోజునే తిరిగి వచ్చే తేదీని పుస్తకంలో రాసుకోమంటాను.

విరామంలో క్రియాటిన్ (కండరాలు శక్తికి వాడుకునే పదార్థం, పొడిగా తీసుకునేది) కూడా ఆపేయాలా?

ఆపినా హాని లేదు. ఆపిన తరువాత కండరాల్లో పెరిగిన క్రియాటిన్ నిల్వ నాలుగు నుంచి ఆరు వారాల్లో మామూలు స్థాయికి వస్తుంది. పది రోజుల సెలవుకు ఆపడం వల్ల కలిసొచ్చేదీ లేదు, పోయేదీ లేదు.

## మూడో వారం నుంచి రెండు నెలల దాకా

అయ్యప్ప మాల వేసుకుంటున్నాను. 41 రోజుల్లో నేను రెండేళ్లు కష్టపడింది పోతుందా?

పోదు. ఏడాదికి పైగా సాధన చేసినవారిలో మొదటి మూడు వారాల వరకు బలం దాదాపు నిలిచే ఉంటుంది, ఆ తరువాతే నెమ్మదిగా జారడం మొదలవుతుంది. కాబట్టి 41 రోజుల మండలంలో నిజంగా నష్టం జరిగే కాలం చివరి రెండు మూడు వారాలే. దీక్షలో బరువులు ఆగడం కంటే ఆహారం తగ్గడమే కండకు ఎక్కువ నష్టం చేస్తుందని నేను గమనించాను. మాంసం, గుడ్లు ఉండవు. మధ్యాహ్నం భిక్షలో అన్నం నిండుగా ఉన్నా, ప్రొటీన్ పలచని పప్పుచారుకే పరిమితమవుతుంది. రాత్రికి రెండు ఇడ్లీలో, కొంచెం ఉప్మానో తిని నేలమీద పడుకుని, తెల్లవారుజామునే లేచి చన్నీటి స్నానం చేసే రోజుల్లో శరీరానికి కండను నిలబెట్టుకునే ముడిసరుకు చాలదు. భిక్షలో గట్టి ముద్దపప్పు, గడ్డ పెరుగు అడిగి వేయించుకోండి. సాయంత్రం నానబెట్టి ఉడికించిన శనగలు గుప్పెడు, రాత్రి ఒక గ్లాసు పాలు చేర్చుకోండి. 50 గ్రాముల ఎండు శనగల్లో సుమారు 10 గ్రాములు, పావు లీటరు పాలలో సుమారు 8 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది.

నియమాల విషయంలో మీ గురుస్వామిని అడిగి, ఆయన సరేనంటే వారానికి రెండుసార్లు ఇంటి దగ్గరే ఇరవై నిమిషాలు దండీలు, బస్కీలు తీయవచ్చు. మా దగ్గర ఒక స్వామి సాధన పుస్తకం చూడండి: మాల వేసుకోవడానికి ముందు రోజు స్క్వాట్ (భుజాల మీద బార్‌తో గుంజిళ్లలా కూర్చుని లేవడం) 90 కిలోలు, అయిదు రెప్స్. మాల తీసిన వారానికి 75 కిలోలు, అయిదు రెప్స్, పక్కన పెన్సిల్‌తో ‘కాళ్లు వణికాయి’ అని ఉంది. మూడో వారంలో 90 కిలోలు, అయిదు రెప్స్, పక్కన ఏమీ రాయలేదు.

జిమ్ మానేస్తే కండ అంతా కొవ్వుగా మారిపోతుందని ఇంట్లో భయపెడుతున్నారు. అలా జరుగుతుందా?

జరగదు. కండర కణం, కొవ్వు కణం రెండు వేరు వేరు జాతులు. ఒకటి మరొకటిగా మారే దారి శరీరంలో లేదు. జరిగేదేమిటంటే, కండ నెమ్మదిగా పలచబడుతుంది, అదే సమయంలో తిండి మాత్రం పాత అలవాటు ప్రకారం సాగుతుంది. గంటన్నర బరువులెత్తి వచ్చి తినే మూడు గరిటెల అన్నం, బరువులెత్తని రోజున కూడా కంచంలో పడుతూనే ఉంటుంది, సాయంత్రం జిమ్‌లో గడపవలసిన గంట బజ్జీల బండి దగ్గర గడుస్తుంది. ఆ మిగులు పొట్ట దగ్గర కొవ్వుగా చేరుతుంది. ఒకటి తగ్గి మరొకటి పెరగడం ఒకేసారి కనిపించడం వల్ల మారిపోయినట్టు అనిపిస్తుంది. విరామంలో అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, పెరుగు, గుడ్డు మునుపటిలాగే ఉంచుకుంటే ఈ భయం అక్కరలేదు.

ముందు బలం తగ్గుతుందా, కండ తగ్గుతుందా?

సాధారణంగా కండ పరిమాణంలో తేడా ముందు కనిపిస్తుంది, బలం ఎక్కువ కాలం నిలుస్తుంది. బలమంటే కండ లావు ఒక్కటే కాదు. ఎన్ని కండర తంతువులను ఒకేసారి పనిలోకి దింపాలి, ఏ కండను ఎప్పుడు బిగించి ఏ కండను వదలాలి అన్నది నాడీవ్యవస్థ నేర్చుకున్న విద్య. చిన్నప్పుడు నేర్చిన సైకిలు వలె అది త్వరగా చెరిగిపోదు. అయితే స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ వంటి మెళకువతో కూడిన లిఫ్టుల్లో బార్ దారి కొద్దిగా తప్పినా లిఫ్ట్ పోతుంది కాబట్టి, ఆ సాధకులకు నెల విరామం కూడా తెలిసిపోతుంది. లెగ్ ప్రెస్ యంత్రం మీద అదే నెల విరామం దాదాపు తెలియదు.

పని ఒత్తిడి వల్ల వారానికి ఒక్క రోజే కుదురుతోంది. ఆ ఒక్క రోజు వెళ్లడం వల్ల ఉపయోగం ఉందా, పూర్తిగా మానేయడం మేలా?

తప్పకుండా వెళ్లండి. ఈ ప్రశ్నకు నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయంలో జరిగి 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో కొందరు 16 వారాల పాటు వారానికి మూడు రోజులు కాళ్ల వ్యాయామాలు చేశారు. ఆ తరువాత 32 వారాల పాటు కొందరు పూర్తిగా మానేశారు, కొందరు వారానికి ఒక్క రోజు, మునుపటి మోతాదులో మూడో వంతు చేశారు, మరికొందరు తొమ్మిదో వంతు, అంటే వారానికి ఒక్క రోజు ఒక్కో వ్యాయామానికి ఒక్క సెట్ మాత్రమే చేశారు. 20 నుంచి 35 ఏళ్ల వయసువారిలో ఆ తొమ్మిదో వంతు కూడా సంపాదించిన కండను నిలబెట్టింది. 60 నుంచి 75 ఏళ్లవారిలో బలం చాలావరకు నిలిచినా, కండ మందం నిలబడలేదు, వారికి అంతకంటే ఎక్కువ మోతాదు కావాలి.

ఇక్కడ మరచిపోకూడని షరతు ఒకటుంది: సెట్లు తగ్గించవచ్చు, రోజులు తగ్గించవచ్చు, బార్ మీద బరువు మాత్రం తగ్గించకూడదు. రాత్రి షిఫ్టుల్లో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు నేను ఆదివారం ఉదయం నలభై నిమిషాలు చాలంటాను. స్క్వాట్, బెంచ్ ప్రెస్, రోయింగ్, భుజాలకు ఒక ప్రెస్, ఒక్కోటి రెండు గట్టి సెట్లు. ప్రాజెక్టు ముగిసేదాకా ఇలా మూడు నెలలు గడిపినవారు తిరిగి వచ్చినప్పుడు దాదాపు ఎక్కడ ఆపారో అక్కడి నుంచే మొదలుపెట్టగలిగారు.

## నెలలు, ఏళ్లు గడిచాక

ఏడాదిన్నర మానేశాను. మళ్లీ అ ఆ ల నుంచి మొదలుపెట్టాలా?

బరువు తక్కువతో మొదలుపెట్టాలి గానీ, మీరు కొత్తవారు కాదు. ఒకసారి పెరిగిన కండ రెండోసారి చాలా త్వరగా పెరుగుతుంది. సాధకులు దీన్నే మజిల్ మెమరీ అంటారు. అమెరికాలో 1991లో వెలువడిన ఒక అధ్యయనంలో 20 వారాలు సాధన చేసిన మహిళలు 30 వారాలకు పైగా పూర్తిగా మానేసి, తిరిగి ఆరు వారాలు చేయగానే పోగొట్టుకున్నదాన్ని చాలావరకు రాబట్టుకున్నారు. ఇంకా ముఖ్యంగా, మానేసిన ఆ ఏడు నెలల చివర్లో కూడా వారి బలం సాధన మొదలుపెట్టడానికి ముందున్న స్థాయికి పడిపోలేదు. 2024లో ఫిన్లాండ్ పరిశోధకులు పది వారాల సాధన మధ్యలో పది వారాల విరామం ఇచ్చి, మళ్లీ పది వారాలు చేయించి చూస్తే, 20 వారాలు ఆగకుండా చేసినవారికీ వీరికీ చివర్లో పెద్ద తేడా కనిపించలేదు.

దీనికి కారణమేమిటన్న దాని మీద పరిశోధన ఇంకా నడుస్తోంది. కండర కణం మిగతా కణాల వంటిది కాదు, దానికి వందల కేంద్రకాలుంటాయి, కండ పెరిగేటప్పుడు కొత్త కేంద్రకాలు వచ్చి చేరతాయి. నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయం 2010లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, కండ సన్నబడిన తరువాత కూడా ఆ కేంద్రకాలు మూడు నెలల పాటు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పొలం బీడు పడినా తవ్విన కాలువలు మిగిలి ఉండటం వంటిది ఇది. మనుషుల్లో ఈ కేంద్రకాలు ఎన్నేళ్లు ఉంటాయన్నది ఇంకా తేలలేదు. జన్యువుల మీద సాధన వదిలే రసాయన గుర్తులు కూడా విరామం తరువాత మిగులుతాయని 2018లో బ్రిటన్ పరిశోధకులు చూపించారు. కారణం ఏదైనా, ఫలితం మాత్రం నేను ఏటా కళ్లారా చూస్తున్నదే: మొదటిసారి ఏడాది పట్టిన స్క్వాట్ బరువు రెండోసారి మూడు నాలుగు నెలల్లో వస్తుంది.

మా నాన్నగారికి 66 ఏళ్లు. బరువులెత్తడం అలవాటైన మనిషి, కంటి ఆపరేషన్ కారణంగా రెండు నెలలు ఆపారు. ఈ వయసులో తిరిగి వస్తుందా?

వస్తుంది, కానీ ఆ వయసులో నష్టం వేగంగా, రాబడి నెమ్మదిగా ఉంటుంది కాబట్టి విరామాన్ని వీలైనంత చిన్నదిగా ఉంచాలి. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన 2007 నాటి అధ్యయనంలో, వారి కాళ్లలో సగటున కిలోకు దగ్గరగా కండ తగ్గింది. మీ నాన్నగారు మంచం పట్టలేదు, ఇంట్లో తిరుగుతూనే ఉన్నారు కాబట్టి నష్టం అంత ఉండదు. కంటి వైద్యుడు బరువులెత్తవచ్చని, వంగవచ్చని చెప్పిన తరువాతే మొదలుపెట్టించండి, ఎందుకంటే ఊపిరి బిగబట్టి బరువెత్తినప్పుడు కంట్లో ఒత్తిడి పెరుగుతుంది.

ఆయన కాళ్ల బలం చూడటానికి చిన్న పరీక్ష ఉంది. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి వేసి, చేతులు ఛాతీ మీద కట్టుకుని ఆయనను లేచి కూర్చోమనండి. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచారో రాసి, ప్రతి ఆదివారం అదే కుర్చీ మీద మళ్లీ చూడండి. ఆ అంకె పెరుగుతూ ఉంటే బలం తిరిగి వస్తున్నట్టే. రాత్రి భోజనం మజ్జిగన్నంతో సరిపెట్టుకునే అలవాటు ఆ తరంలో చాలామందికి ఉంది. దానికి ఒక గుడ్డో, గిన్నెడు పెసరపప్పో చేర్చండి.

నాకు షుగర్ ఉంది. బరువులెత్తడం మానేసిన వారంలోనే ఫాస్టింగ్ అంకె పెరిగింది. ఇది కండ తగ్గడం వల్లేనా?

కాదు. కండ తగ్గేంత సమయం గడవలేదు. భోజనం తరువాత రక్తంలోని గ్లూకోజ్‌లో ఎక్కువ భాగాన్ని తీసుకునేది కండరాలే. ఒకసారి గట్టిగా వ్యాయామం చేస్తే అవి ఒకటి నుంచి మూడు రోజుల వరకు ఇన్సులిన్‌కు బాగా స్పందిస్తాయి. వ్యాయామం ఆగితే ఆ మేలు కూడా ఆగుతుంది, అందుకే షుగర్ అంకె మిగతా అన్ని మార్పుల కంటే ముందు కదులుతుంది. బరువులెత్తలేని రోజుల్లో మూడు పూటలా భోజనం చేసిన పది పదిహేను నిమిషాలకు నడక పెట్టుకోండి. ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడుతున్నవారు విరామంలో మోతాదు పెంచి ఉంటే, తిరిగి వ్యాయామం మొదలుపెట్టే ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. పెంచిన మోతాదు మీద వ్యాయామం కూడా తోడైతే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

## జ్వరం, గాయం, కాన్పు

డెంగీ జ్వరం తగ్గి అయిదు రోజులైంది. వెళ్లవచ్చా?

ఇప్పుడే వద్దు. డెంగీలో జ్వరం దిగే సమయమే ప్రమాద ఘడియ. సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో జ్వరం తగ్గుతుండగానే ప్లేట్‌లెట్లు పడిపోవడం, రక్తనాళాల నుంచి ద్రవం కారడం జరుగుతుంది. ప్లేట్‌లెట్ల సంఖ్య మామూలై, డాక్టరు సరేనన్న తరువాత కూడా నీరసం కొన్ని వారాల పాటు ఉంటుంది. జ్వరంలో ఆకలి ఉండదు, కదలిక ఉండదు, పైగా శరీరం కండలోని ప్రొటీన్‌ను విడగొట్టి రోగనిరోధక వ్యవస్థకు మళ్లిస్తుంది. కాబట్టి ఉత్తి విరామంలో నెలకు పోయేది జ్వరంతో వారం పది రోజుల్లోనే పోతుంది.

నేను ఈ తప్పు చేశాను. జ్వరం తగ్గిన తొమ్మిదో రోజున, తూకంలో అయిదు కిలోలు తగ్గిన శరీరంతో, డెడ్‌లిఫ్ట్‌కు 60 కిలోలే కదా అని వంగి బార్ పట్టుకున్నాను. లేచి నిలబడేసరికి కళ్ల ముందు తెల్లని తెర పడింది, బార్ చేతుల్లోంచి జారిపోయింది, పక్కనున్న కుర్రవాడు వెనక నుంచి పట్టుకోకపోతే తల ర్యాక్‌కు తగిలేది. అప్పటి నుంచి డెంగీ తగ్గినవారికి నేను చెప్పే క్రమం ఇది: డాక్టరు అనుమతి తరువాత ఒక వారం నడక మాత్రమే, నడకలో అరగంట ఆయాసం లేకుండా గడిచాక ఖాళీ బార్. డెంగీ అనుమానం ఉన్న రోజుల్లో ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటి మాత్రలు వేసుకోకూడదు, అవి రక్తస్రావం ముప్పును పెంచుతాయి.

కుడి చేయి విరిగి కట్టు వేశారు. ఎడమ చేత్తో మాత్రమే చేస్తే ఒక చేయి లావు, ఒక చేయి సన్నం అయిపోదా?

తాత్కాలికంగా తేడా వస్తుంది, అయినా చేయండి. ఒక చేత్తో బరువెత్తినప్పుడు మెదడు ఇచ్చే ఆదేశాల ప్రభావం రెండో వైపు నాడీ మార్గాల మీద కూడా పడుతుంది, దాని వల్ల కట్టులో ఉన్న చేతి బలం కొంత నిలుస్తుందని పలు అధ్యయనాల్లో తేలింది. కాళ్లకు లెగ్ ప్రెస్, లెగ్ కర్ల్ వంటివి మునుపటిలాగే సాగవచ్చు. కట్టు విప్పిన రోజు సన్నబడిన చేతిని చూసి కంగారు పడనక్కరలేదు, కానీ ఆ చేతికి ఫిజియోథెరపిస్టు చెప్పిన కదలికలు పూర్తిగా వచ్చేదాకా బరువు ఇవ్వవద్దు.

కాన్పు అయి రెండు నెలలైంది. మునుపటిలా బరువులెత్తగలనా?

ఎత్తగలరు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి 2001లో తల్లి అయ్యారు, 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్ వేదిక మీద మళ్లీ నిలబడ్డారు. మామూలు కాన్పు అయితే ఆరు వారాల పరీక్ష తరువాత, సిజేరియన్ అయితే కుట్లు, పొట్ట గోడ కోలుకున్నాయని డాక్టరు చెప్పాక మొదలుపెట్టండి. తొలి వారాల్లో కటి అడుగు కండరాలను బిగించి వదిలే సాధన, ఊపిరితో పాటు పొట్టను లోపలికి లాగే సాధన ముందు రావాలి. దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు మూత్రం చుక్కలు పడుతున్నా, కింద బరువుగా లాగుతున్నట్టు ఉన్నా, బరువు తగ్గించి డాక్టరుకు చెప్పండి. ఇది సిగ్గుపడి దాచుకోవలసిన విషయం కాదు. బాలింత పథ్యం పేరుతో కారప్పొడి అన్నం మీదే నెలలు గడిపితే కండ తిరిగి రాదని, పాలిచ్చే తల్లికి పప్పు, గుడ్లు, పాలు ఇంకా ఎక్కువ కావాలని మీ అమ్మగారికీ, అత్తగారికీ నచ్చజెప్పండి.

## తిరిగి మొదలుపెట్టేటప్పుడు

మొదటి రోజు ఎంత బరువు వేయాలి?

నేను వాడే లెక్క ఇది. రెండు వారాల లోపు విరామమైతే ఆపిన రోజు బరువులో పది శాతం తగ్గించి మొదలుపెట్టిస్తాను. మూడు నుంచి ఆరు వారాలైతే 70 నుంచి 75 శాతం, మూడు నెలలు దాటితే సగం, ఏడాది దాటితే ఖాళీ బార్‌తో మొదలుపెట్టి శరీరం ఒప్పుకున్నంత. సెట్లు మాత్రం విరామం ఎంతైనా మొదటి వారంలో సగమే. నాలుగు సెట్లు చేసేవారు రెండు చేయాలి, అదీ ఇంకా మూడు నాలుగు రెప్స్ వస్తాయి అనిపిస్తుండగానే ఆపేయాలి. చాలామంది బరువు తగ్గించడానికి ఒప్పుకుంటారు గానీ, తేలికగా ఉందని సెట్లు పెంచేస్తారు. మర్నాడు మంచం మీంచి లేవలేకపోవడానికి అదే కారణం.

మొదటి రోజు కాళ్లు చేశాను. మూడో రోజుకు కూడా కింద కూర్చుంటే లేవలేకపోతున్నాను. నొప్పి తగ్గేదాకా ఆగాలా?

ఈ నొప్పి వ్యాయామం చేసిన 24 నుంచి 72 గంటల మధ్యలో ముదురుతుంది, అయిదారు రోజుల్లో పోతుంది. క్రమంగా చేసేవారి కండకు ఈ నొప్పి నుంచి ఒక రక్షణ ఉంటుంది. విరామంలో అది కొంత పోతుంది, ఒక్కసారి చేస్తే మళ్లీ వస్తుంది. కాబట్టి రెండోసారి అదే వ్యాయామం చేసినప్పుడు నొప్పి సగం కూడా ఉండదు. పూర్తిగా పడుకోకుండా నడవండి, ఆ వారం పైభాగం వ్యాయామాలు చేసుకోండి.

కానీ కండ గట్టిగా ఉబ్బిపోయి, ముట్టుకుంటే భరించలేనంతగా ఉండి, మూత్రం నల్ల టీ రంగులో వస్తే అది మామూలు నొప్పి కాదు. కండర కణాలు పెద్దఎత్తున చిట్లి వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసినప్పుడు ఇలా అవుతుంది, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. తెల్లారేదాకా ఆగకుండా అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. విరామం తరువాత మొదటి రోజే స్నేహితుడితో పందెం వేసి వంద బస్కీలు తీసినవారికి, వేసవి ఉక్కలో నీళ్లు తాగకుండా చేసినవారికి ఈ ముప్పు ఎక్కువ.

పాత స్థితికి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది?

నెల విరామానికి రెండు మూడు వారాలు, మూడు నెలల విరామానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టడం నేను ఎక్కువగా చూశాను. జ్వరం, ఆపరేషన్ వంటివి కలిస్తే దీనికి ఇంకో నెల చేర్చుకోండి.

తిరిగి మొదలుపెట్టాక ప్రొటీన్ ఎంత తినాలి? పౌడర్ కొనాలా?

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం మామూలు పెద్దవారికి రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. బరువులెత్తేవారికి కిలోకు 1.6 గ్రాముల వరకు మేలు కనిపిస్తుంది, అంటే 65 కిలోల మనిషికి రోజుకు సుమారు 100 గ్రాములు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ లెక్క పెట్టుకోకుండా తమ డాక్టరు చెప్పినంతే తినాలి. రెండు గుడ్లలో 12 గ్రాములకు పైగా, 50 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో సుమారు 25 గ్రాములు, 100 గ్రాముల పన్నీరులో సుమారు 18 గ్రాములు, 150 గ్రాముల చికెన్‌లో 30 గ్రాములకు పైగా వస్తుంది. ఇవి మూడు పూటలా సర్దుకుని తినగలిగితే పౌడర్ అక్కరలేదు. ఉదయం రెండు దోశలు, రాత్రి చపాతీ కూరతో రోజు గడిచేవారికి మాత్రం లెక్క సగంలోనే ఆగిపోతుంది కాబట్టి, వారికి ఒక చెంచా పౌడర్ సౌకర్యంగా ఉంటుంది.

ఆరు వారాల్లో పాత బరువులన్నీ వచ్చేశాయి కానీ మోచేతి బయటివైపు నొప్పి మొదలైంది. ఎక్కడ తప్పు జరిగింది?

కండ త్వరగా తిరిగి వస్తుంది, కండను ఎముకకు పట్టి ఉంచే టెండన్లు అంత త్వరగా రావు. వాటికి రక్తప్రసరణ తక్కువ, వాటిలోని కొల్లాజెన్ గట్టిపడటానికి నెలలు పడుతుంది. మజిల్ మెమరీ పుణ్యమా అని ఆరో వారంలోనే కండ పాత బరువును ఎత్తగలుగుతుంది, ఆ లాగుడు మాత్రం ఇంకా సిద్ధపడని టెండన్ మీద పడుతుంది. ఎక్కువగా మోచేయి, మోకాలి చిప్ప కింద, మడమ వెనక ఈ నొప్పి మొదలవుతుంది. పూర్తిగా ఆపవద్దు, ఆపితే టెండన్ ఇంకా బలహీనపడుతుంది. నొప్పి పుట్టిస్తున్న వ్యాయామంలో బరువు మూడో వంతు తగ్గించి, దించేటప్పుడు నాలుగు లెక్కపెట్టేంత నెమ్మదిగా దించండి. పుల్‌అప్స్ చేస్తుంటే కొన్నాళ్లు లాట్ పుల్‌డౌన్‌కు మారి, అరచేతులు ఎదురెదురుగా ఉండే పట్టు వాడండి. చేసేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకుండా, మర్నాటి ఉదయానికి పెరగకుండా ఉంటే ఆ బరువు సరైనదే, రెండు వారాలు దాని మీదే ఉండి ఆ తరువాత రెండున్నర కిలోల చొప్పున పెంచండి. ఆరు వారాలకూ తగ్గకపోతే ఫిజియోథెరపిస్టుకు చూపించండి.